ఉక్కునకు పేరెవరు పెట్టవలెను?

పదార్థమునకు పేరు పెట్టుట శాస్త్రజ్ఞుని పనియా, భాషావేత్త పనియా యను ప్రశ్న మన విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలలో తగినంతగా చర్చకు వచ్చినట్లు కానరాదు. పారిభాషికపదములను గూర్చిన చర్చ మాత్రము చాల జరిగినది. 1968 లో తెలుగు అకాడమి యేర్పడినది మొదలు భౌతిక రసాయనాది శాస్త్రములకు పదకోశములు వెలువడినవి. వానిలోని గుణదోషములను పండితులు ఎంచుచునే యున్నారు. కాని పారిభాషికపదము వేఱు, పేరు వేఱు. 'ఉష్ణవాహకత్వము' పారిభాషికపదము, 'టైటేనియము' పేరు. మొదటిది తన యర్థమును తానే చెప్పుకొనును. రెండవది ఒక కథను జ్ఞప్తికి దెచ్చి యూరకుండును. ఈ రెండవజాతి మాటలను గూర్చి, అందును కథలలోని లోహముల పేర్లు నిజమైన పదార్థములకు వచ్చి చేరుటను గూర్చి, భిలాయి ఉక్కునగరమును దృష్టియందుంచుకొని నా యభిప్రాయమును విన్నవింపదలచితిని.

ఇటీవలి యుదాహరణమొకటి మొదట చెప్పెదను. 2018 లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన పరిశోధకులు వెండి, సెలీనియము అను రెండు మూలకములు కర్బనసంబంధమైన అణుసమూహముతో కలిసి పొరలు పొరలుగా నేర్పడిన ఒక స్ఫటికపదార్థమును వర్ణించుచు, దానికి 'మిథ్రీన్' అని పేరిడిరి. అతినీలలోహిత కిరణములు సోకినప్పుడు అది నీలికాంతిని వెదజల్లును. ఆ కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 467 నానోమీటర్లు. ఆంగ్లరచయిత టోల్కీన్ 1954-55 సంవత్సరములలో ప్రకటించిన మహాకథలో మరుగుజ్జులు భూగర్భమునుండి త్రవ్వితీయు 'మిథ్రిల్' అను లోహమొకటి కలదు. అది వెండివలె మెఱయును, మాసిపోదు. ఉక్కుకంటె దృఢము, ఈకవలె తేలిక. ఆ లోహమే యీ పేరునకు మూలము.

విచారించి చూచినచో ఈ రెంటికిని వెండి యన్న సంబంధము తప్ప వేఱొకటి లేదు. కథలోని మిథ్రిల్ కవచమునకు పనికివచ్చును. ప్రయోగశాలలోని మిథ్రీన్‌తో ఎవ్వరును కవచము చేయబోరు. అయినను ఆ పేరు నిలిచినది, నిలుచుటయే గాక సంతానమును కన్నది. సెలీనియమునకు మాఱు గంధకమున్నదానిని 'థయోరీన్' అనియు, టెలూరియమున్నదానిని 'టెథ్రీన్' అనియు వ్యవహరించుచున్నారు. 2022 లో ఎక్స్-కిరణ లేజరు సహాయమున ఆ రెంటి యణునిర్మాణములును నిర్ణయింపబడి 'నేచర్' పత్రికలో ప్రకటితమైనవి. ఒక కట్టుకథలోని మాట చివరకు ఒక రసాయనకుటుంబమునకు ఇంటిపేరైనదన్న మాట. దీనిని పిల్లచేష్టయని కొట్టివేయువారు కలరు. నేను వారిలో చేరను.

ఏలయన, ఇది క్రొత్త యాచారము కాదు. జర్మను రసాయనవేత్త క్లాప్రోత్ 1795 లో టైటేనియమునకు నామకరణము చేయునపుడు, గ్రీకుల పురాణములలో భూదేవికి పుట్టిన టైటనుల పేరును కావలెననియే గ్రహించెను. ఆ ధాతువు గుణములు ఇంకను పూర్తిగ తెలియవు. తెలియని గుణమును బట్టి పేరు పెట్టినచో ఆ పేరే రేపు అబద్ధమగును. పురాణనామమునకు ఆ భయము లేదు. ఇదీ ఆయన వాదము. ఇంతకంటె వివేకవంతమైన వాదమును నామకరణవిషయమున నేనెఱుగను. 1802 లో ఎకెబర్గ్ టాంటలమునకును, 1829 లో బెర్జీలియస్ థోరియమునకును, 1830 లో సెఫ్‌స్ట్రోమ్ వెనేడియమునకును, 1844 లో రోజ్ నియోబియమునకును పురాణములనుండియే పేర్లు తెచ్చిరి. వెనేడియము ఉత్తరదేశీయుల సౌందర్యదేవత పేరు. నియోబీ టాంటలుని కుమార్తె. ఆ రెండు ధాతువులును ఒకే ఖనిజమున కలిసి దొరకును గనుక తండ్రి ప్రక్కన కూతును నిలిపినారు. కోబాల్టు, నికెలు అను మాటలైతే శాస్త్రజ్ఞులవి గూడ కావు. ఖనిజమును కరగింపగా రాగి గాని వెండి గాని రానప్పుడు, గనిపిశాచములు తమ్ము మోసగించినవని జర్మను గనికార్మికులు తిట్టిన తిట్లవి.

కథనుండి లోహమునకు పేరు వచ్చినట్లే, లోహము కథలోనికి పోయి మరల బయటపడుటయు కలదు. ప్లేటో తన సంభాషణలలో అట్లాంటిసు ద్వీపపు గోడలకు తాపించిన 'ఒరిఖాల్కము' అను లోహమును వర్ణించెను. 2014 చివర సిసిలీ దీవిలోని జేలా పట్టణపు సమీపమున సముద్రగర్భమునుండి 39 లోహపుకడ్డీలు వెలికివచ్చినవి. పరీక్షింపగా వానిలో నూటికి 75 నుండి 80 పాళ్లు రాగియు, 15 నుండి 20 పాళ్లు తుత్తునాగమును ఉన్నట్లు తేలినది. అనగా మన యిత్తడియే! ప్లేటో చెప్పిన లోహమిదియేనని నిర్ణయించుటకు వీలు లేకున్నను, పత్రికలు మాత్రము ఆ పేరుతోనే చాటినవి.

ఇందుకు విరుద్ధమైన యుదాహరణము సెర్బియాలో కలదు. 2006 నాటి సూపర్‌మాన్ చలనచిత్రమున 'క్రిప్టొనైటు' పెట్టెపై వ్రాసిన రసాయనసమ్మేళనమునకు ఇంచుమించు సరిపోవు ఖనిజమొకటి అచ్చట నిజముగనే దొరకినది. దానికి ఆ పేరు పెట్టుటకు ఖనిజశాస్త్రజ్ఞులు అంగీకరింపలేదు. అందు క్రిప్టాను వాయువు లేశమైనను లేదు గదా, ఆ పేరు చదువరులను త్రోవ తప్పించును. కావున దొరకిన లోయ పేరిట 'జాడరైటు' అనిరి. ఈ నిరాకరణము నాకు సమంజసముగనే తోచుచున్నది. కథాలోహపు పేరు పెట్టుటకు అభ్యంతరము లేదు. ఉన్న మఱియొక పదార్థముతో అది పొరపాటున కలిసిపోరాదు. అంతే నియమము.

ఇక మన వైపు చూతము. కల్పితలోహములకు మన కథలలో కొదువ యున్నదా? తారకాసురుని కుమారులకు మయుడు నిర్మించియిచ్చిన త్రిపురములు స్వర్ణ రజత లోహమయములు. ఇనుమును తాకి బంగారము చేయు పరుసవేది పల్లెటూరి ముసలమ్మలకు గూడ తెలిసినదే. తిక్కన భారతములోని స్త్రీపర్వమున ధృతరాష్ట్రుడు కౌగిలించి పిండిచేసిన ఇనుపభీముడు మన నుడికారములోనికే వచ్చి కూర్చున్నాడు. 'ధృతరాష్ట్రకౌగిలి' అన్న మాట నేటికిని వాడుకలో నున్నది. మౌసలపర్వములోని ముసలము వీనియన్నిటికంటె విచిత్రము. ఆ యినుపరోకటిని అరగదీసి పొడిచేసి సముద్రములో గలిపినను ఆ పొడి తుంగయై మొలచి యాదవులను సంహరించినది. చూర్ణము చేసినను గుణము చావని లోహమన్న మాట! హైదరాబాదులో చూర్ణలోహశాస్త్రమునకు ఒక పరిశోధనకేంద్రము కలదు. అచ్చటివారు తాము చేసిన మిశ్రమమునకు పేరు వెదకుకొనుచున్నచో ముసలము సిద్ధముగ నున్నది. అమంగళమను శంక యొక్కటే యడ్డము.

మన దేశమున ఆయుధములకు పురాణనామములు ధారాళముగ పెట్టుచున్నారు. క్షిపణులు అగ్ని, త్రిశూల్, నాగ్, యుద్ధశకటము అర్జున్. కాని ఆ యాయుధములు దేనితో చేయబడినవో ఆ పదార్థములకు మాత్రము అక్షరములును అంకెలును తప్ప పేర్లు లేవు. హైదరాబాదు కాంచన్‌బాగులోని మిశ్రధాతు నిగమము తన పేరును చక్కని సంస్కృతములో పెట్టుకొన్నది. అది తయారుచేయు దృఢతమమైన ఉక్కులలో నొకటి 'ఎం.డి.ఎన్. 250'. ఒక్క మినహాయింపు కలదు. అర్జున శకటమునకు తొడిగిన కవచమును రూపొందించిన రక్షణ లోహపరిశోధనశాల ఉన్నదియు ఆ కాంచన్‌బాగులోనే. ఆ పేటను బట్టి ఆ కవచమునకు 'కాంచన్' అను పేరు వచ్చినది. పింగాణివంటి కఠినపదార్థమును ఉక్కుపలకల నడుమ పొదిగిన సంయుక్తకవచమది. అందు బంగారము వీసమెత్తైనను లేదు. పేట పేరునుండి వచ్చినదైనను వినువారికి కర్ణుని సహజకవచమే తలపునకు వచ్చుచున్నది. జాడరైటువలె స్థలనామమై, మిథ్రీనువలె కథానామముగ ధ్వనించు అదృష్టము ఆ పేరునకు పట్టినది. జనుల నోట నాటినది గూడ అదియే.

భిలాయిలో ఈ వైషమ్యము మఱింత స్ఫుటముగ కనబడును. 1955 ఫిబ్రవరి 2 న సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన యొడంబడిక ననుసరించి ఈ కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4 న తొలి బ్లాస్టు ఫర్నేసును నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించెను. నాడు మధ్యప్రదేశములోనిదైన యీ యూరు 2000 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చెందినది. 2018 లో పని ప్రారంభించిన యెనిమిదవ ఫర్నేసుకు 'మహామాయ' అని పేరు. రతన్‌పురములోని మహామాయాదేవి ఈ ప్రాంతపు జనులకు కొంగుబంగారము; కావున ఆ ఫర్నేసు పేరు ఎవ్వరికిని నేర్పవలసిన పని లేదు. మన విశాఖ ఉక్కు కర్మాగారమందును ఇదే మర్యాద. అచ్చటి మూడు ఫర్నేసులు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కొలిమికి దేవత పేరు, నది పేరు, అన్నము పెట్టు తల్లి పేరు. కొలిమినుండి దిగిన ఉక్కునకో? అంకె.

2022 సెప్టెంబరు 2 న కొచ్చిలో నౌకాదళమున ప్రవేశించిన 'విక్రాంత్' విమానవాహకనౌకకు వాడిన ఉక్కునే తీసికొందము. హైదరాబాదులోని పైజెప్పిన పరిశోధనశాలయు, నౌకాదళమును, భారత ఉక్కు ప్రాధికార సంస్థయు కలిసి దానిని సాధించినవి. భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారములు సుమారు 30,000 టన్నులు సమకూర్చినవి. విదేశపు టుక్కుకై చేయిచాచు నవస్థను తప్పించిన లోహమది. దాని పేరు 'డి.ఎం.ఆర్. 249 ఏ'. ఆ పలకలను సాగదీసిన రోలింగుమిల్లులో పనిచేసిన తండ్రి ఇంటికి వచ్చి బిడ్డతో నేమని చెప్పవలెను? నౌక పేరు చెప్పును; తాను చేసిన వస్తువు పేరు చెప్పలేడు. నౌకకు పేరు పెట్టినవారు దాని నిర్మాణపదార్థమును పేరు లేనిదానిగ విడిచిరి. ఇది చిన్న లోపమని నేననుకొనను. శ్రమకు దక్కవలసిన కీర్తి పేరు వెంట నడచును. పేరు లేనిచోట అది పోయి నౌకపై వ్రాలును, సంస్థపై వ్రాలును, పలకను చేసిన చేతులపై వ్రాలదు.

లోహశాస్త్రజ్ఞుల సమాధానము నాకు తెలియనిది కాదు. అంకె అబద్ధమాడదు. 'ఏ' అనునది 'బి' తరగతినుండి వేఱుపఱచుచున్నది. రేపు పాళ్లు మారినచో సంజ్ఞయు మారును. కొనువాడును అమ్మువాడును కలతపడరు. కథాలోహపు పేరు అట్లు మారదు, మార్చినను వినువారు మానరు. అంతేగాక అంగడిలో 'వజ్ర' శబ్దమునకు పట్టిన గతి మనము చూచుచునే యున్నాము. సిమెంటునకు వజ్రము, ఇనుపచువ్వకు వజ్రము, తలుపుగొళ్లెమునకు వజ్రము. దధీచి వెన్నెముక ఇన్నిచోట్ల అమ్ముడుపోవుచున్నది. ఈ యాక్షేపణలో బలము కలదు. అయినను అది పేరును నిషేధించుటకు చాలదు. సంజ్ఞను తీసివేయవలదనుటకు మాత్రమే చాలును. టైటేనియమునకు 22 అను పరమాణుసంఖ్యయు నున్నది, 'టి.ఐ.' అను సంకేతమును ఉన్నది, టైటనుల కథయు నున్నది. మూడును ఒకదాని కొకటి యడ్డుపడక రెండువందల యేండ్లకు పైగా కలిసి కాపురము చేయుచున్నవి.

మఱియొక చోద్యము. ఇట్టి స్వల్పమిశ్రమపు టుక్కులకు బలము నిచ్చునవి లవలేశముగ కలుపు వెనేడియము, నియోబియము, టైటేనియము, వీనికి తోడు కొంత నికెలు. కావున అంకెల ముసుగు తొలగించి చూచినచో లోపల ఉత్తరదేశపు దేవతయు, గ్రీకుల నియోబీయు, టైటనులును, జర్మను గనిపిశాచమును కొలువుదీరి యున్నారు. పురాణమును వలదన్నవారి కడాయిలోనే పురాణము కరగియున్నది. అందు మన పురాణము మాత్రము లేదు.

మన పురాణము లేకున్నను మన మాట యొకటి ప్రపంచలోహశాస్త్రమున నున్న సంగతి తెలుగు శాఖలవారు తఱచుగ మఱచుచున్నారు. 1795 లో లండనులోని రాయల్ సొసైటీ ముందర జార్జి పియర్సన్ అను నతడు బొంబాయినుండి తెప్పించిన యొకజాతి ఉక్కును గూర్చి వ్యాసము చదివెను. ఆ ఉక్కు పేరు 'ఊట్జ్' అని వ్రాసెను. అది తెలుగు కన్నడములకు సమానమైన 'ఉక్కు' శబ్దము చెవికిని చేతివ్రాతకును నడుమ చెడిన రూపమని పెక్కుర యభిప్రాయము. 1818 మొదలు కొన్నియేండ్లు మైకేల్ ఫారడే అంతవాడు స్టోడార్టు అను కత్తుల తయారీదారుతో కూడి దాని రహస్యమును ఛేదింప యత్నించెను. తెలంగాణములో నిర్మలకు చేరువ కోనసముద్రమున ఆ ఉక్కు తయారగుటను, దానికై పారసీక వర్తకులు వచ్చుటను గూర్చి వాయిసీ వ్రాసినది 1832 లో అచ్చైనది. 1998 లో వెర్హోవెన్, పెండ్రే అను అమెరికను పరిశోధకులు దమస్కు ఖడ్గములపైని నీటిచాళ్లకు ఖనిజమున సహజముగ నున్న లవలేశపు వెనేడియము వంటి మలినములు కారణమనిరి. 2006 లో డ్రెస్డెను శాస్త్రజ్ఞులు అట్టి ఖడ్గమొకదానిలో కర్బన నానోనాళికలు కనబడినవని ప్రకటించిరి. అతినవీనమని మనమనుకొను పదార్థము కోనసముద్రపు మూసలవంటి వానిలో తెలియకయే పుట్టుచుండెను గాబోలు.

ఇంతకును 'ఉక్కు' అనగా తెలుగున లోహము మాత్రమే కాదు. బలము, పరాక్రమము అనియు దాని కర్థము. 'ఉక్కడగుట' అనగా బీరము చల్లారుట. లోహమునుండి గుణమునకు పోయినదో, గుణమునుండి లోహమునకు వచ్చినదో నిఘంటుకారులు తేల్చుకొందురు గాక. విక్రాంతశబ్దమునకును అర్థము పరాక్రమవంతుడనియే. నౌకకు సంస్కృతమున పెట్టిన పేరే దాని యొడలికి తెలుగున ఆదినుండి యున్నది! ఆ పలకలను 'విక్రాంతపు టుక్కు' అన్నచో చాలదా? అనువారు అందురు, అననివారు మానుదురు. సంజ్ఞకు వచ్చు నష్టమేమియు లేదు.

ఛత్తీస్‌గఢ్ నేలపై లోహమునకును కథకును గల సంబంధమును గూర్చి ఒక మహాగ్రంథమే కలదు. మైకల కొండలలో ఇనుము కరగించు అగరియా జాతిని గూర్చి వెరియర్ ఎల్విన్ 1942 లో ప్రకటించిన గ్రంథమది. ఆ జాతివారికి కొలిమిలో లోహాసురుడు, బొగ్గులో కోయలాసురుడు, మంటలో ఆగ్యాసురుడు నివసింతురు. ఇనుము సరిగా దిగకున్నచో ఖనిజము చెడ్డదనరు, లోహాసురుడు అలిగినాడందురు. జర్మను గనికార్మికుని కోబాల్టునకును దీనికిని భేదమెంత? జర్మను తిట్టు ఆవర్తనపట్టికలో చేరినది. లోహాసురుడు ఎల్విన్ గ్రంథములోనే నిలిచిపోయినాడు. కథ తక్కువదైనందున కాదు. ఆ కొలిమికిని ప్రయోగశాలకును నడుమ త్రోవ వేసినవారు లేరు. ప్రభుత్వపు ఆంక్షలును, విదేశపు చౌక యినుమును కలిసి ఆ కొలుములను చల్లార్చినవి.

తెలుగువారి సంగతి కొంత వేఱు. కర్మాగారము కట్టు దినములనుండియు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు భిలాయికి వలసవచ్చి, మట్టి మోసి, కొలిమికడ నిలిచి, మిల్లులలో పనిచేసి, సెక్టార్లలో కాపురములుండి, పిల్లలను చదివించుకొనిరి. వారిలో మొదటి తరమువారు చాలవఱకు గతించిరి. రెండవ తరమువారును ఉద్యోగవిరతులగుచున్నారు. ఆరు దశాబ్దములు ఉక్కుతో మెలగినవారు దానిని, దాని లోపములను, దాని రంగులను, చిట్టెపు తీరులను తమలో తాము ఏ పేర్లతో పిలుచుకొనిరి? ఉత్తరాంధ్రపు పలుకుబడికి హిందీయు, ఛత్తీస్‌గఢియు, రష్యను నిపుణుల మాటలును తోడై యేమి మిశ్రధాతువు తయారైనది? మాండలికవృత్తిపదకోశములు 1960 ప్రాంతముల భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయపదకోశముతో నారంభమై, చేనేత మొదలగు వృత్తులకు ప్రాకినవి. ఆ కృషి పల్లెలోని కమ్మరిని చేరినను భారీపరిశ్రమలోని తెలుగు కార్మికుని కడకు పోలేదు. అతడు వృత్తిపనివాడు కాడు, ఉద్యోగి యని మనము భావించితిమి కాబోలు.

లోహమునకు తెలుగు పేరు కావలెనన్నచో పండితులు గుమిగూడి సమాసము కట్టుటకు ముందు ఆ యిండ్లకు పోయి వినవలెను. మన శాఖలో పరిశోధనాంశమునకై ఎదురుచూచు విద్యార్థులు ప్రతియేడును ఉందురు. ప్రబంధములలో అలంకారములను వంద సార్లు లెక్కించి యుంటిమి. వారిలో ఇద్దఱిని ఒక వేసవికి భిలాయికి పంపినచో అగు వ్యయము స్వల్పము. రైలు దుర్గు జంక్షనుకడ దిగిన చాలును. ఆ రైలు పరుగెత్తు పట్టాలు గూడ పెక్కుచోట్ల భిలాయిలో సాగదీసినవే. అడుగవలసిన మొదటి ప్రశ్న యిది: కొలిమినుండి పాఱు లోహము బాగుగ వచ్చినదని చూపుతోనే తెలిసికొన్నప్పుడు, ప్రక్కవానితో తెలుగులో ఏమనెడివారు?